ధాత, ఈశ్వర కరువులో నిలిచిన విశ్వాసము



శతజయంతి అనగానే మనకు గుడి పునాదిరాళ్లు, బిషప్పుల చిత్రపటాలు, మిషను బడులు, ఆసుపత్రులు జ్ఞాపకము వస్తాయి. అవన్నీ స్మరించదగినవే. అయితే ఈ వ్యాసములో మేము ఒక కరువు సంగతి చెప్పదలచాము. ఇది మన డయాసిస్ కథ కాదు; మన పొరుగున ఉన్న బాప్టిస్టు సహోదరుల కథ. అయినా గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి మీద పుట్టిన ప్రతి సంఘమూ దీని నుండి నేర్చుకోవలసినది ఉన్నది. దేవుడు మంచివాడని మనము ఆదివారమున పాడుతాము. పంట పోయిన ఏట కూడా ఆయన మంచివాడేనా? ఆ ప్రశ్నకు ఈ నేల మీదనే, మన భాషలోనే, మన పూర్వులు ఒకసారి జవాబు చెప్పారు.

మన సీమకు కరువు కొత్త కాదు. 1832–33లో వచ్చిన నందన కరువులో గుంటూరు జిల్లా జనములో మూడోవంతో, అంతకు మించో నశించారని అంచనా. తొమ్మిదేళ్ల తరువాత, 1842 జూలై 31న, లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరుకు వచ్చినప్పుడు ఆయన అడుగుపెట్టినది ఆ గాయము ఇంకా మానని ఊరిలోనే. 1855లో కృష్ణ మీద బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయి డెల్టా పల్లెలకు నీరు పారింది. కాని ఒంగోలు, దర్శి, కనిగిరి, పొదిలి వైపు మెట్టపొలాలకు ఆకాశమే ఆధారముగా మిగిలింది.

ఆ ఆకాశము 1876లో మూసుకుపోయింది. తెలుగు సంవత్సరాలను బట్టి ధాత నామ సంవత్సరములో మొదలై ఈశ్వర నామ సంవత్సరములో కూడా సాగిన ఆ కరువు మద్రాసు రాజధానిని, మైసూరును, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలను కాల్చివేసింది. దేశము మొత్తము మీద యాభై లక్షలకు పైగా జనము పోయారని చరిత్రకారులు చెబుతారు. వాన లేకపోవుట ఒక కారణము మాత్రమే. ప్రజలు ఆకలితో ఉండగానే ధాన్యము ఓడలెక్కి సీమకు పోయింది. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ మహావైభవముగా దర్బారు జరిపించాడు. అదే ఏడు సర్ రిచర్డ్ టెంపుల్ సిఫార్సు మీద, కరువు పనులకు వచ్చిన మగవాని కూలి రోజుకు ఒక పౌను ధాన్యము, ఒక అణాకు తగ్గించారు. మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించవలసి వచ్చింది. కాబట్టి ఆ మరణాలన్నిటినీ దేవుని చిత్తమని తేలికగా అనవద్దు. అందులో మనుష్యుల పాపమూ ఉన్నది.

అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. ఆ పనికి ఆరంభము మిక్కిలి అల్పము. 1854 జనవరి 1న సూర్యోదయవేళ జూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ఈ ప్రాంతానికి సేవకుని పంపుమని ప్రార్థించారు. పన్నెండేళ్లకు, 1866లో, క్లౌ దంపతులు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. అంతకు ముందే, 1866లో, తోళ్ల వర్తకుడైన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొంది, తన మాదిగపల్లెలలో ఊరూరా తిరిగి సువార్త చెప్పడము మొదలుపెట్టాడు. మిషను బంగళా నుండి కాక ఈ పేరయ్య వంటివారి కాలినడక నుండే ఆ ఉద్యమము పెరిగిందని మరువరాదు.

కరువు దెబ్బ మొదట పడినది ఆ పల్లెల మీదనే. వారికి భూమి లేదు. రైతు కల్లములో కొలిచి ఇచ్చే గింజలే వారి జీతము. రైతుకే గింజ లేనప్పుడు వారికి కొలిచేది ఏమున్నది? పశువులు చచ్చిపోయిన తరువాత తోలుపని కూడా పోయింది.

క్లౌ దొర యౌవనములో అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు. ఆ అనుభవము ఇప్పుడు అక్కరకు వచ్చింది. ప్రభుత్వము కరువు పనిగా త్రవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల మేర ఆయన కాంట్రాక్టు తీసుకున్నాడు. తెలుగు బోధకులే కూలీల జట్లకు మేస్త్రీలయ్యారు. పగలు గునపము, తట్ట; సందు దొరికినప్పుడు వాక్యము. ప్రయాసపడి భారము మోసేవారిని ప్రభువు పిలిచిన పిలుపు ఆ మట్టికట్ట మీద ఎంత సూటిగా వినబడి ఉంటుందో మనము ఊహించవచ్చు.

ఇక్కడ మనము గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. కరువు సాగినంత కాలము, ఏడాదికి పైగా, క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అడిగేవారు లేక కాదు. కూటి కోసము కలిశారన్న మాట సంఘము మీద పడకూడదని, ఆకలి వేళ మనస్సును ఎవరూ కొన్నట్లు కాకూడదని అలా చేశాడు. తిండి పెట్టాడు, పని ఇచ్చాడు, వాక్యము చెప్పాడు. సంఘములో చేర్చుకొనుట మాత్రము ఆపి ఉంచాడు.

1878 నడిమికి సహాయ ద్రవ్యము ముగియవచ్చింది. అప్పుడు జనము గుంపులుగా వచ్చారు. ఇక ఇచ్చేది ఏమీ లేదని వారికి చెప్పారు. వారు ఇచ్చిన జవాబును క్లౌ దొర తన జ్ఞాపకాలలో రాసిపెట్టాడు. దాని సారాంశము ఇది: మాకు సహాయము అక్కరలేదు, మా చేతుల బొబ్బలు చూడండి, మేము పనిచేసి బ్రతికినవాళ్లము, రాబోయే పంట కూడా పోతే చచ్చిపోతాము, చచ్చేటప్పుడు క్రైస్తవులముగా చావనివ్వండి.

1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. నీటిలో దిగి ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్క వేళకు ఇద్దరి చొప్పున. క్లౌ దొర ఆ దినమున ఒక్కరికి కూడా తన చేతితో ఇవ్వలేదు. సంవత్సరాంతానికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

ఇన్ని వేలమంది విశ్వాసము ఒకే కొలతలో ఉన్నదని మేము చెప్పము. తమను అంటరానివారన్న లోకములో మనుష్యులుగా చూచిన చోటికి వచ్చినవారు కొందరు. బంధువుల వెంట వచ్చినవారు కొందరు. అయితే ఆ జవాబును మరల చదవండి. రాబోయే పంట పండుతుందన్న నమ్మకము వారికి లేదు. నమ్మితే పండుతుందని వారికి ఎవరూ చెప్పలేదు. యోబు ఊరకనే దేవునియందు భయభక్తులు కలవాడయ్యాడా అని సాతాను అడిగిన ప్రశ్నకు, అక్షరము రాని ఆ కూలీలు గుండ్లకమ్మ ఒడ్డున జవాబు చెప్పారు. పొలములో పైరు, సాలలో పశువు లేకపోయినా ప్రభువునందు ఆనందిస్తానన్న హబక్కూకు మాట వారు చదివి ఉండకపోవచ్చు, జీవించి చూపించారు.

మన బైబిలులో కృప అన్న మాటకు మూలమైన హెబ్రీ మాట హెసెద్. నిబంధన చేసినవాడు ఎన్నటికీ మాట తప్పని ప్రేమ అని దాని భావము. 136వ కీర్తనలో 26 వచనాలున్నాయి. ఆ కృప శాశ్వతమన్న మాట ప్రతి వచనములోనూ వస్తుంది. వాటి వరుస చూడండి. అరణ్యములో నడిపించుట 16వ వచనములో ఉన్నది. దీనదశలో జ్ఞాపకము చేసికొనుట 23లో ఉన్నది. ఆహారము ఇచ్చుట 25లో గాని రాదు. ఇశ్రాయేలీయులు కడుపు నిండిన తరువాత మాత్రమే ఆ పల్లవి పాడలేదు. అరణ్యము గురించి పాడినప్పుడు కూడా అదే పల్లవి పాడారు.

ఈ చరిత్ర మనకు ఎందుకు? 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలిన తరువాత మన మెట్టలో కొంత భాగము మాగాణి అయింది. దానికి దేవునికి స్తోత్రము. అయినా కష్టము పోలేదు, రూపు మార్చుకున్నది. 1997–98లో పత్తి పోయింది. అప్పుల భారముతో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2017లో మిర్చి ధర కూలిపోయింది. 2021–22లో నల్ల తామరపురుగు మిరప పూతనే తినివేసింది. కౌలు ముందుగా కట్టి, మందులకు వడ్డీకి తెచ్చి, చివరకు తోటను దున్నివేసిన కుటుంబాలు మన సంఘాలలోనే ఉన్నాయి.

అటువంటి ఒక ఏట కోత పండుగ ఆరాధనకు రాని ఇంటికి మేము పరామర్శకు వెళ్లాము. ఆ ఇంటి తల్లి తలుపు దగ్గరే నిలబడి, "వట్టి చేతులతో ఎట్టా వచ్చేదయ్యగారూ?" అన్నది. ఆ మాట మమ్మును గ్రుచ్చింది. దేవుని మంచితనము బస్తాలలో కొలవబడుతుందని ఆమెకు నేర్పినది ఎవరు? పండినవారిని వేదిక మీదికి పిలిచి, ఎండినవారి విశ్వాసములో లోపము వెదికే మన ప్రసంగాలు కావా? ఆ తప్పులో మాకూ పాలున్నది.

ధాత, ఈశ్వర కరువు క్రైస్తవుల పల్లెలను దాటి పోలేదు. నమ్మినవారూ చనిపోయారు. కాబట్టి విశ్వాసము పంటకు బీమా కాదు. ఆ కరువులో దేవుని కృప కనబడినది వానలో కాదు. జనముతోపాటు కట్ట మీద నిలిచిన బోధకులలో, ఆకలిని అడ్డము పెట్టుకొని మనస్సులు కొనని సంఘములో, ఇచ్చేది ముగిసినా వెనుదిరగని ప్రజలలో కనబడింది. మనము కూడా ఆ కృపను నోటితో చెప్పి ఊరుకోరాదు. పంట పోయిన ఇంటికి మొదట వెళ్లేవారము కావాలి. అప్పు సంగతి సిగ్గు లేకుండా చెప్పుకోగల చోటు సంఘమే కావాలి. కోత పండుగనాడు వట్టి చేతులవారిని ముందు వరుసలో కూర్చుండబెట్టాలి.

ఆ తల్లి మరుసటి ఆదివారము గుడికి వచ్చింది. చేతిలో ఏమీ లేదు. ఆ దినమున మేము 136వ కీర్తన చదివించాము. పల్లవి వచ్చిన ప్రతిసారీ సంఘముతోపాటు ఆమె కూడా పలికింది. ఇరువదియారు సార్లు.

ఆ కృప మనతోను, మన పిల్లలతోను ఎల్లప్పుడు ఉండును గాక. ఆమేన్.