గంటము, కలము, మీట

మాట నోట వెలువడిన క్షణముననే గాలిలో కలిసిపోవును. దానిని నిలుపుకొనుటకు మానవుడు లిపిని కల్పించుకొనెను. కాని లిపి పుట్టినంత మాత్రమున అందరును వ్రాయువారు కాలేదు. వ్రాయు సాధనము ఎవరి చేత నుండెనో వారికే అక్షరముపై పెత్తనము చిక్కెను. గంటము మొదలు నేటి మీటల పలక వరకు వ్రాతపని చరిత్రను పరిశీలించినచో, ఆ పెత్తనము చేతులు మారిన కథయే కానవచ్చును. చేవ్రాత మేలా, యంత్రపు వ్రాత మేలా యను నేటి వాదమునకు ప్రత్యుత్తరము కూడ ఆ కథలోనే కలదు.

కాగితము వ్యాప్తికి రాక పూర్వము తెలుగునాట తాటియాకును, శ్రీతాళపత్రమును వ్రాతకు ఆధారములుగా నుండెను. ఆకులను ఒకే కొలతకు కోసి, ఆరబెట్టి, నునుపు చేసి, రంధ్రము వేసి, త్రాట గ్రుచ్చి కట్టలు కట్టెడివారు. గంటము ఇనుప మొన గల సాధనము. అది సిరాతో వ్రాయునది కాదు, ఆకుపై గీయునది. గీచిన పిమ్మట మసి పూసి తుడిచినచో గీతలయందు మాత్రమే నలుపు నిలిచి అక్షరము తేటపడును. ఆకు నారల వెంబడి తిన్నగా గీచినచో ఆకు చీలును. తెలుగు అక్షరములు గుండ్రదనమును సంతరించుకొనుటకు ఇదియు నొక కారణమని లిపి చరిత్రకారులు చెప్పుదురు. సాధనము అక్షరపు రూపమునే మార్చగలదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

మహాభారతమున పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన సోమయాజి పద్యము చెప్పుచుండగా కుమ్మరి గురునాథుడు వ్రాసెనని ప్రతీతి. ఇందు గమనింపదగిన దేమనగా, కవి వేరు, వ్రాయసకాడు వేరు. కవిత్వము చెప్పుట ఒక విద్య, తప్పు పోకుండ వేగముగా వ్రాయుట మరియొక విద్య. రెండవదానికిని ఏండ్ల తరబడి సాధన కావలసియుండెను.

గ్రామములలో ఈ రెండవ విద్యకు అధిపతి కరణము. తాటియాకుల కవిలెలయందును, చింతగింజల జిగురును బొగ్గును పట్టించిన గుడ్డతో చేసిన కడితములయందును ఊరి లెక్కలు నిలిచియుండెను. కాగితము వచ్చిన పిమ్మట కలము ఎత్తకుండ అక్షరములను ఒకదానితో నొకటి ముడివేసి వ్రాయు గొలుసుకట్టు వాడుకలోనికి వచ్చెను. అది వేగమునకు పుట్టిన వ్రాత. కాని దాని ఫలితము వేగముతో ఆగలేదు. అక్షరాభ్యాసమైన వానికి సైతము గొలుసుకట్టు అంత సులభముగా కొరుకుడు పడదు. తన పొలము కొలత, తన శిస్తు బాకీ ఎంతయో తెలిసికొనుటకు రైతు కరణము అరుగుకడ నిలువబడవలసి వచ్చెను. చదివి చెప్పువాని ధర్మబుద్ధియే ఆతనికి రక్ష. నిజాయితీపరులైన కరణము లెందరో యుండిరి, కాని ఒకరి నిజాయితీపై మరియొకరి భూమి ఆధారపడుట మంచి ఏర్పాటు కాదు.

ఆ వ్రాతల మేలును గూడ మరువరాదు. 1821లో మరణించిన కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశ చరిత్రను సేకరింప బూనినపుడు, కావలి సోదరులు మొదలగువారు ఊరూర తిరిగి కరణముల దండకవిలెలను ఆశ్రయించిరి. నేడు చరిత్రకారులు ఆదరించు గ్రామ కైఫీయతులు పెక్కింటికి మూలము ఆ కవిలెలే. కరణము చేతి గంటము లేకున్న అనేక గ్రామముల పుట్టుపూర్వోత్తరములు నేడు తెలియకపోయెడివి.

చేవ్రాతకు మరియొక లోపము కలదు. ఒక ప్రతిని చూచి వేరొక ప్రతి వ్రాసినపుడెల్ల తప్పులు చేరును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను, వ్రాయసగాండ్రను జీతములిచ్చి నియమించి తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ఒకే కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతిని సిద్ధము చేయించుట ఆయన పద్ధతి. 1829లో వేమన పద్యములు, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఆయన కృషివలన అచ్చుకెక్కెను. అచ్చుయంత్రము గ్రంథమును వందల ప్రతులుగా ఏకరూపమున ఇచ్చును గాని, ఒక ఉత్తరమునకో, ఒక అర్జీకో అక్కరకు రాదు. ఆ కొరతను తీర్చిన యంత్రము అమెరికాలో పుట్టెను.

క్రిస్టఫర్ లేథం షోల్స్ అను మిల్వాకీ నగరవాసి, తన సహచరులతో కలిసి 1868వ సంవత్సరము జూను 23న టైపురైటరుకు పేటెంటు పొందెను. తుపాకులను, కుట్టుయంత్రములను తయారుచేయు రెమింగ్టన్ సంస్థ 1874లో దానిని విపణికి తెచ్చెను. కుట్టుయంత్రపు పోలిక కొంత దానికిని వచ్చెను. పంక్తి ముగిసిన పిమ్మట బండిని వెనుకకు మరల్చుటకు కాలితో త్రొక్కు పలక యుండెను. ఆ యంత్రమున పెద్ద అక్షరములే కలవు. అచ్చు కాగితపు అడుగుభాగమున పడుటచే తాను కొట్టిన పంక్తి కొట్టువానికే కనబడెడిది కాదు. 1878 నాటి రెండవ యంత్రమున ఒకే మీటపై పెద్ద అక్షరము, చిన్న అక్షరము అమరెను.

యంత్రము వచ్చినను విద్య వెంటనే రాలేదు. తొలినాళ్ళలో రెండేసి వ్రేళ్ళతో, ఒక్కొక్క మీటను వెదకుచు కొట్టెడివారు. 1882లో సిన్సినాటీ నగరమున లాంగ్లీ అను అధ్యాపకురాలు ఎనిమిది వ్రేళ్ళను వాడు పద్ధతిని పాఠములుగా ప్రకటించెను. 1888వ సంవత్సరము జూలై 25న అదే నగరమున లూయీ ట్రాబ్, ఫ్రాంక్ మెక్గరిన్ అను వారిరువురికి పందెము జరిగెను. మీటల స్థానములను కంఠస్థము చేసికొని, వానివంక చూడక కొట్టు మెక్గరిన్ గెలిచెను. ఆతని రహస్యము సులభమైనది. కన్ను కాగితముపై, వ్రేలు మీటపై నుండెను. ఒకటి మరియొకదాని పనికి అడ్డు రాలేదు. వీణ నభ్యసించువాడు మెట్లవంక చూడకుండ వాయించు స్థితికి వచ్చుట యెట్టిదో ఇదియు నట్టిదే.

ఈ విద్య క్రొత్తవారికి ద్వారములు తెరచెను. 1881లో న్యూయార్కునందలి క్రైస్తవ యువతుల సంఘము స్త్రీలకు టైపు నేర్ప నారంభించెను. కార్యాలయములలో స్త్రీలకు కుర్చీ దొరకుటకు ఈ యంత్రము ముఖ్య సాధనమయ్యెను. మన దేశమున 1955లో గోద్రెజ్ సంస్థ స్వదేశీ టైపురైటరును తయారుచేసెను. తెలుగుపట్టణముల వీథులలో టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలసెను. పాఠశాల చదువు ముగించిన బాలబాలికలు ఏ, ఎస్, డి, ఎఫ్ అని మొదటి పాఠము కొట్టుచు, లోయరు, హయ్యరు పరీక్షలు నెగ్గి, గుమాస్తా పనులలో కుదిరిరి. మసికాగితములు నడుమ నుంచినచో ఒక్క దెబ్బకు మూడు నాలుగు ప్రతులు వచ్చును, అక్షరములు విడివిడిగా నుండును. అక్షరము వచ్చినవారెల్ల చదువగలరు. గొలుసుకట్టు ముడి ఇచ్చట వీడెను.

ఇంగ్లీషునకు ఇరువదియారక్షరములు చాలును. తెలుగునకు అచ్చులు, హల్లులు, గుణింతములు, వత్తులు కావలెను. యంత్రమున గల పరిమితమైన గుర్తులలో వీనినెల్ల ఇముడ్చుట కష్టసాధ్యము. అక్షరమును ముక్కలుగా విడదీసి, వత్తు పడునపుడు బండి కదలకుండ నుండునట్లు ఏర్పాటు చేసి, ఆ చిక్కును కొంత విప్పిరి. 1966లో అధికార భాషా చట్టము వచ్చుటతో తెలుగు టైపు అవసరము ప్రభుత్వ కార్యాలయములందు పెరిగెను. అర్జీకి ప్రత్యుత్తరము అర్జీదారుని భాషలోనే రావలెనన్నచో, ఆ భాషను కొట్టు యంత్రమును, దానిని నేర్చిన చేతులును కావలెను గదా!

కంప్యూటరు వచ్చిన పిమ్మట గుర్తుల కొరత తీరెను. 1991లో ప్రకటితమైన యూనికోడు తొలి రూపముననే తెలుగునకు స్థానము లభించెను. భారతీయ భాషలకెల్ల ఒకే అమరికగా రూపొందిన ఇన్‌స్క్రిప్టు పలకయందు అచ్చులు, గుణింతములు ఎడమచేతి వైపునను, హల్లులు చాలవరకు కుడిచేతి వైపునను కలవు. కకారము, ఖకారము ఒకే మీటపై వసించును. అకారమును, దానిని తొలగించు పొల్లును గూడ ఒకే మీటపై నుంచిరి. చేతితో “అక్క” అని వ్రాయువాడు క వ్రాసి క్రింద వత్తు పెట్టును. మీటలపై వ్రాయువాడు క, పొల్లు, మరల క కొట్టవలెను. అనగా ద్విత్వము ఎట్లు ఏర్పడునో ఎరిగినవానికే ఈ పలక సులభముగా వశమగును. బాలవ్యాకరణము చదువని వ్రేళ్ళు గూడ ఇచ్చట వ్యాకరణము నేర్చును.

అట్లైన చేవ్రాతను విడనాడవచ్చునా? 2014లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధన, మీటలపై పాఠమును వ్రాసికొనువారు విన్నది విన్నట్లు దింపుదురనియు, చేతితో వ్రాయువారు సారము గ్రహించి వ్రాయుటచే భావమును మేలుగా నెరుగుదురనియు చెప్పెను. పిదప జరిగిన పరిశోధనలలో ఈ ఫలితము అంత స్పష్టముగా తేలలేదు. కావున ఆ వాదమునే నమ్ముకొని చేవ్రాతను కొనియాడ నక్కరలేదు. దానికంటె బలమైన కారణము మన ఇండ్ల పెట్టెలలోనే కలదు. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకము రద్దయ్యెను. గొలుసుకట్టును అభ్యసించిన తరము క్రమముగా తరిగిపోవుచున్నది. తాతల నాటి క్రయపత్రములు, పాలుపంపకముల కాగితములు మాత్రము మిగిలియున్నవి. వానిని చదువువారు లేనినాడు, కాగితముండియు హక్కు మూగపోవును. నాడు గొలుసుకట్టు రానివాడు కరణము నాశ్రయించినట్లే, నేడు మీటలు రానివాడు ఒక దరఖాస్తు పంపుటకు పరుల ముంగిట నిలుచుచున్నాడు. సాధనము మారెను గాని, నిలువబడుట మారలేదు.

గ్రంథాలయము పుట్టినదే ఈ నిలువబడుటను మాన్పుటకు. పుస్తకము కొనిపోవునపుడు పట్టీలో చదువరి తన చేవ్రాలు తానే చేయును. వ్రేలిముద్ర వేసిన చేయి చేవ్రాలు చేయుట ఒక మెట్టు. ఆ చేయియే మీటలపై తన అర్జీ తాను వ్రాసికొనుట రెండవ మెట్టు. పెద్దలు పిల్లలకు పాతకాగితముల గొలుసుకట్టును విప్పి చదువుట నేర్పవలెను. పిల్లలు పెద్దలకు మీటల స్థానములు నేర్పవలెను. ఒకే బల్లకడ ఈ రెండు పాఠములును జరిగిననాడు, ఊరి అక్షరము ఏ ఒక్కరి పెత్తనమునను గాక ఊరివారందరి చేతిలోను నుండును.