మందుల తయారీలో హరిత రసాయనం: ఉప్పల్–నాచారం ప్రాంతం

హైదరాబాదు తూర్పు భాగంలో తార్నాక, ఉప్పల్, నాచారం, మల్లాపూర్, నాగోల్ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ ఉంది. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో ఔషధ పరిశోధన, తయారీ సంస్థలున్నాయి. పల్లానికి దిగితే నాగోల్ దగ్గర మూసీ, దాని ఒడ్డున మురుగుశుద్ధి కేంద్రం. ఒక మందుకు దారి కనిపెట్టే ప్రయోగశాలా, నగరం వాడి వదిలిన నీరు చేరే నదీ ఇంత దగ్గరదగ్గరగా ఉన్న చోట్లు అరుదు. తక్కువ ముడిసరుకుతో, మనిషి ప్రాణానికి ముప్పు లేకుండా, నీటిని పాడుచేయకుండా మందు తయారుచేయడం ఎలాగన్న ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్తది కాదు.

ఐఐసీటీ చరిత్ర నిజాం కాలానికి వెళ్తుంది. 1944లో సెంట్రల్ లేబొరేటరీస్ పేరుతో మొదలై, 1956లో కేంద్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ చేతికి వచ్చి ప్రాంతీయ పరిశోధనాలయం (రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ, ఆర్ఆర్ఎల్) అయింది. పాతవాళ్లు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే అంటారు. ఇప్పటి పేరు 1989 నాటిది. ఆర్ఆర్ఎల్ రోజుల్లోనే వచ్చిన 1970 నాటి పేటెంటు చట్టం మందుకు కాక మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. దాంతో అదే మందును మరో దారిలో, చవకగా చేయగలిగినవాళ్లకు తలుపులు తెరుచుకున్నాయి. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ అలా వచ్చిందే. ఐఐసీటీ రూపొందించిన పద్ధతితో సిప్లా దాన్ని 1993లో మన మార్కెట్లోకి తెచ్చింది. ఐఐసీటీ అప్పటి సంచాలకుడు ఎ.వి.రామారావు 1995లో పదవీ విరమణ చేసి అవ్రా లేబొరేటరీస్ స్థాపించారు. ఆ సంస్థ నాచారంలోనే పనిచేస్తోంది. ఒకప్పుడు జీవీకే బయోసైన్సెస్, 2021 నుంచి ఆరాజెన్ అయిన కంపెనీ కేంద్ర కార్యాలయం కూడా నాచారంలోనే ఉంది.

‘చవక దారి’ అన్న మాటలోనే వ్యర్థాన్నీ ప్రమాదాన్నీ పుట్టకముందే తగ్గించే హరిత రసాయనానికి బీజం ఉంది. ఒక మందు అణువును చేరడానికి ఆరు మెట్లు పడితే, ప్రతి మెట్టులోనూ కొంత సరుకు నష్టం, కొంత ద్రావణి ఖర్చు, కొంత వ్యర్థం. మూడు మెట్లలో చేరగలిగితే మిగతా మూడు మెట్ల ఖర్చూ ప్రమాదమూ అసలు పుట్టవు. రసాయన శాస్త్రజ్ఞుడు రోజర్ షెల్డన్ 1992లో దీనికి తేలికైన కొలమానం ఇచ్చాడు: కిలో సరుకు తయారయ్యేసరికి ఎన్ని కిలోల వ్యర్థం మిగిలింది? దాని పేరు ఈ-ఫ్యాక్టర్. చమురు శుద్ధిలో అది దాదాపు 0.1. మందుల తయారీలో 25 నుంచి 100, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. మాత్రల్లోకి చేరే పదార్థం కిలోల్లో ఉంటే, ఫ్యాక్టరీ వెనక గేటు నుంచి బయటికి పోయేది బస్తాల్లో, ట్యాంకర్లలో ఉంటుంది. ఆ వ్యర్థంలో సింహభాగం ద్రావణులదే. అందుకే వాడిన టోలుయిన్‌నో మిథనాల్‌నో స్వేదనంతో శుద్ధి చేసి మళ్లీ వాడుకునే ఫ్యాక్టరీకి లాభం రెండు వైపులా ఉంటుంది.

ప్రపంచం తరచూ చెప్పుకొనే ఉదాహరణ నొప్పి మందు ఐబుప్రొఫెన్. బూట్స్ కంపెనీ పాత పద్ధతిలో ఆరు మెట్లు. వాడిన పరమాణువుల్లో 40 శాతమే మందులోకి చేరేవి. 1992లో అమెరికాలోని టెక్సస్‌లో మొదలైన బీహెచ్‌సీ కంపెనీ పద్ధతి దాన్ని మూడు మెట్లకు కుదించి 77 శాతానికి పెంచింది. ఇక్కడో చిక్కుముడి ఉంది. కొత్త పద్ధతిలో వాడేది హైడ్రోజన్ ఫ్లోరైడ్. దాన్ని మళ్లీమళ్లీ వాడుకోవచ్చు, దాని వ్యర్థం దాదాపు ఉండదు. కానీ లీకైతే ఒంటిని కాల్చి ఎముక దాకా పోయే విషం. వ్యర్థం తగ్గినంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కాదు. పొదుపు, భద్రత, పర్యావరణం చాలాసార్లు ఒకే వైపు నడుస్తాయి. నడవని చోటును ముందే గుర్తుపట్టడమే ప్రాసెస్ ఇంజినీరు అసలు పని.

ప్రయోగశాలలో సాఫీగా జరిగిన చర్య ఫ్యాక్టరీలో ఎందుకు అదుపు తప్పుతుంది? లెక్క సులువే. లీటరు ఫ్లాస్కు స్థానంలో అదే ఆకారంలో వెయ్యి లీటర్ల రియాక్టరు పెడితే పుట్టే వేడి వెయ్యి రెట్లవుతుంది. ఆ వేడిని బయటికి పంపే గోడ వైశాల్యం మాత్రం వంద రెట్లే. పైగా ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. చల్లబరిచే నీళ్లు ఆగినా, కలియబెట్టే గరిట ఆగినా వేడి వేడిని పుట్టిస్తూ పోతుంది. సరుకును ఒక్కసారే గుమ్మరించకుండా కొంచెంకొంచెంగా పోయడం ఒక జాగ్రత్త. పెద్ద రియాక్టరుకు బదులు సన్నని గొట్టాల్లో చర్యను పారిస్తూ నడిపే ఫ్లో కెమిస్ట్రీ ఇంకో మార్గం. ఏ క్షణంలోనైనా గొట్టంలో ఉండే సరుకు కొద్దిదే కాబట్టి, అదుపు తప్పినా పోయేదీ కొద్దిదే.

రెండో ముప్పు నిప్పురవ్వ. టోలుయిన్ ఆవిరి 4 డిగ్రీల దగ్గరే అంటుకునే స్థితికి వస్తుంది. హైదరాబాదు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. డ్రమ్ము నుంచి ప్లాస్టిక్ గొట్టంలో ద్రావణి జారేటప్పుడు ఆ రాపిడికే విద్యుదావేశం పోగవుతుంది. డ్రమ్ముకూ రియాక్టరుకూ మధ్య రాగి తీగ బిగించి భూమికి కలపడం, లోపలి గాలిని నైట్రోజన్‌తో వెళ్లగొట్టడం నిమిషాల పని. షిఫ్టు చివర్లో, బ్యాచ్ ఆలస్యమైనప్పుడు వదిలేసేదీ ఆ నిమిషాల పనే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియా ఫ్యాక్టరీలో ద్రావణి లీకై, ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పేలుడులో 40 మందికి పైగా పోయారు. అక్కడ తయారయ్యేది మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి. విషం కాని పొడి కూడా గాలిలో రేగితే మందుగుండే. సిగాచిలో చనిపోయినవారిలో పొట్టకూటికి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు చాలామంది. హెచ్చరిక బోర్డు వాళ్లు చదవగలిగే భాషలో ఉండాలన్న కనీస నియమాన్ని ఏ ఫ్యాక్టరీ అయినా ఖర్చు లేకుండా పాటించవచ్చు.

ఇక నీరు. వ్యర్థజలాన్ని చుక్క కూడా బయటికి వదలకూడదన్న నిబంధనను చాలా ఔషధ పరిశ్రమలు ఆవిరి యంత్రాలతో నెరవేరుస్తాయి. కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2,260 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఒక గదిలో పుట్టిన ఆవిరితో పక్క గదిలో నీటిని కాచే యంత్రాలు కొంత ఆదా చేస్తాయి. అయినా బాయిలరు మండాల్సిందే. మిగిలిన ఉప్పు దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రం లాంటి చోటికి చేరాల్సిందే. అంటే నీటి కాలుష్యం పొగగా, ఉప్పుగా రూపం మార్చుకుంటుంది. అసలు వ్యర్థం పుట్టకుండా చూసే పద్ధతికి ఇది ప్రత్యామ్నాయం కాదు.

ఫ్యాక్టరీ దాటి నగరం మురుగుకు వస్తే, నాగోల్‌లో 172 ఎంఎల్‌డీ, ఎగువన అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ, ఉప్పల్ నల్లచెరువు దగ్గర 30 ఎంఎల్‌డీ సామర్థ్యంతో మొదట కట్టిన మురుగుశుద్ధి కేంద్రాలున్నాయి. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. వీటిలో మురుగును తినేది బాక్టీరియా. ఈ కేంద్రాలు ఇళ్ల మురుగు కోసం కట్టినవి, యాంటీబయాటిక్‌ల కోసం కాదు. స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం, ఔషధ ఫ్యాక్టరీల వ్యర్థజలం చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో తేల్చింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. తర్వాత పటాన్‌చెరు నీటిని 18 కిలోమీటర్ల గొట్టంతో నగర మురుగులో కలిపి అంబర్‌పేటకు మళ్లించారు. ఆ కేంద్రానికి దిగువన ఉన్నవి నాగోల్, పీర్జాదిగూడ. మూసీ నీటితో అక్కడ పెంచే పచ్చగడ్డి నగరంలోని పాడి పశువులకు మేత.

కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగురోడ్డు అవతలికి పంపాలని రాష్ట్ర ప్రభుత్వం 2013లో ఉత్తర్వు ఇచ్చింది. ఇళ్లమధ్య ఫ్యాక్టరీ ఉండకూడదన్న వాదనలో బలముంది. అయితే ఆరు మెట్ల పద్ధతి ఊరి బయటికి వెళ్లినా ఆరు మెట్ల వ్యర్థమే ఇస్తుంది. యాంటీబయాటిక్‌ల వ్యర్థాలకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 నాటి తుది నిబంధనల్లో ఆ అంకెలు మాయమయ్యాయి. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంలో తొలి మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చట్టం కావు. వాటిని పట్టించుకునే ఒత్తిడి ప్రస్తుతానికి మందులు కొనే విదేశీ ప్రభుత్వాల నుంచి, పెద్ద కంపెనీల నుంచే రావాలి.