అల్లుడి గడియారం నుంచి అమ్మ ఫోను దాకా

సంక్రాంతికి కొత్త అల్లుడు అత్తారింటికి వస్తున్నాడంటే అరిసెలు, కొత్తబట్టలు మామూలే. వాటి మీద ఇంకేం పెడతారన్నదే ఊరంతా చెవులు కొరుక్కునే సంగతి. మా తాతల కాలంలో అది సైకిలు. తర్వాత మర్ఫీ రేడియో, హెచ్‌ఎంటీ గడియారం. ఎనభైల్లో హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు జపాన్ సీకో సాయంతో గడియారాలు చేయడం మొదలుపెట్టాక, మణికట్టుకు ఆల్విన్ కట్టుకుని తిరిగి వెళ్లిన అల్లుడిది ఒక హోదా. అడిగింది పెట్టకపోతే అలక ఎలాగూ ఉండనే ఉంది.

ఆ వరుసలోకి సెల్‌ఫోను వచ్చి చేరింది. చేరడమేమిటి, తనకు ముందున్నవాటినన్నిటినీ మింగేసింది. గడియారం, రేడియో, టేప్‌రికార్డరు, కెమెరా, టార్చిలైటు: రెండు తరాల అల్లుళ్లు అలిగి సాధించుకున్న సామానంతా ఇవాళ దాని కడుపులో ఉంది. బయట మిగిలింది సైకిలొక్కటే.

చుట్టాల్లో కాస్త కంప్యూటర్లు తెలిసినవాడన్న పేరు పడ్డ పాపానికి, "పండక్కి ఏ ఫోను కొనమంటావు?" అని నన్ను ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఆ ఇరవై ఏళ్లలో జవాబు నాలుగైదుసార్లు సమూలంగా మార్చుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఒకటి మాత్రం కనిపిస్తోంది. ఫోను గొప్పతనం చూసి మనవాళ్లు ఎన్నడూ కొనలేదు. ఏ కాలంలో ఇంట్లో దేనికి కరువుంటే, ఆ కరువు తీర్చేదాన్నే కొన్నారు.

మొదట్లో కరువు మాటకే. 1995 జులై 31న కలకత్తాలో జ్యోతిబసు సెల్‌ఫోను చెవిన పెట్టుకుని ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. దేశంలో అదే తొలి మొబైల్ కాల్ అంటారు. మన దగ్గరికి టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ వచ్చాయి. నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. చేసినవాడికే కాదు, ఎత్తినవాడికీ బిల్లు పడేది. అలాంటి వస్తువును పండక్కి ఎవరు పెడతారు? ఏనుగును దానం చేయవచ్చు గానీ, మేత ఎవరు వేస్తారు? ఆ రోజుల్లో సెల్‌ఫోను కాంట్రాక్టర్ల నడుముకి తోలు సంచీలో వేలాడేది. మిగతావాళ్లం ఎస్‌టీడీ బూత్ దగ్గర, రాత్రి రేటు తగ్గేదాకా వరుసలో నిలబడేవాళ్లం.

పండగ సరుకుగా అది మారింది 2003లో. రెండు మూడు సంగతులు ఒకే ఏడాది కలిసొచ్చాయి. మే నెల నుంచి వచ్చే కాల్‌కి డబ్బు కట్టక్కర్లేకపోయింది. జులైలో రిలయన్స్ వాళ్లు 501 రూపాయలు కడితే ఫోను చేతికిస్తాం, మిగతాది నెలనెలా కట్టుకోండి అన్నారు. అది సిమ్ తీసి మార్చే వీల్లేని సీడీఎంఏ ఫోను. ఆ ఊపులో తీసుకుని తర్వాత బిల్లులు చూసి గుండె బాదుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అదే ఏడాది నోకియా 1100 వచ్చింది.

ఈ 1100 దగ్గర కాసేపు ఆగాలి. పాతిక కోట్లకు పైగా అమ్ముడై, ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఫోన్లలో ఒకటిగా నిలిచింది గానీ దానికి కెమెరా లేదు, రంగుల తెర లేదు. మీటలన్నీ ఒకే రబ్బరు పలకగా ఉండేవి, సందుల్లోకి దుమ్ము దూరేది కాదు. నెత్తి మీద చిన్న టార్చిలైటు. ఆ లైటు విలువ పట్నంవాళ్లకి అర్థం కాదు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. వచ్చిందిగానీ చాలా ఊళ్లలో అది వచ్చేది అర్ధరాత్రి. మోటారు వేయడానికి రైతు గట్టు మీద చీకట్లో నడిచి వెళ్లాలి. కాలికి తగిలేది తాడో, తాచుపామో తెలియదు. మా మేనమామకి ఆ దీపావళికి వాళ్లబ్బాయి కొనిచ్చింది ఈ ఫోనే. ఆయన దాన్ని పాలితిన్ కవరులో చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, చొక్కా జేబులో పెట్టుకునేవాడు. కవరు విప్పకుండానే మాట్లాడేవాడు, కవరులోంచే లైటు వేసేవాడు. ఫోను వచ్చాక ఆయన మొదటి మూడు నెలలూ ఎవరికీ ఫోను చేసినట్టు నాకు గుర్తులేదు. రాత్రిళ్లు మాత్రం పొలంలో మిణుకుమిణుకుమంటూ ఆ లైటు కదులుతుండేది.

అప్పట్లో నన్నడిగితే నేను చూసి చెప్పేవి రెండే. ఛార్జింగు ఎన్ని రోజులు నిలుస్తుంది? కింద పడితే ఏమవుతుంది? రోజుకి ఆరు గంటలు కరెంటు తీసే ఊళ్లో అంతకు మించిన లక్షణం ఏముంటుంది?

ఐఫోను ఇండియాకి వచ్చింది 2008 ఆగస్టు 22న. 8 జీబీది 31,000 రూపాయలు. పత్రికలు పేజీలకి పేజీలు రాశాయి. మా చుట్టాల్లో ఒక్కరూ కదల్లేదు. వాళ్ల కరువు వేరు. ఒక కంపెనీ ఎస్సెమ్మెస్‌లు చవకగా ఇస్తే ఇంకో కంపెనీ రాత్రి కాల్స్ చవకగా ఇచ్చేది. రెండిటినీ వాడుకోవాలంటే రెండు సిమ్‌లు పట్టే ఫోను కావాలి. నోకియా ఈ సంగతి గ్రహించేసరికి మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా ఊళ్లలో పాతుకుపోయాయి. మన హైదరాబాద్ నుంచీ ఒక కంపెనీ లేచింది, 2009లో పుట్టిన సెల్‌కాన్. 2013లో వెస్టిండీస్‌లో ముక్కోణపు క్రికెట్ సిరీస్‌కి దాని పేరే పెట్టారు. శ్రీలంకతో ఫైనల్లో ఆఖరి ఓవర్లో ధోనీ కొట్టి గెలిపించిన ఆ కప్పు సెల్‌కాన్ కప్పే. ఆ కంపెనీ ఫోన్లు ఇప్పుడు వెతికినా కనిపించవు.

ఆ రోజుల్లో ఫోను కొనడమంటే దుకాణానికి ఇంటిల్లిపాదీ వెళ్లడం. చవకరకం కావాలంటే హైదరాబాద్ అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్. నమ్మకం కావాలంటే విజయవాడలో పుట్టిన బిగ్ సి, ఆ తర్వాత లాట్. ఫోనుతో పని అయిపోదు. పక్కనే ఇరుకు కొట్లో కుర్రాడికి ముప్ఫై రూపాయలిస్తే మెమరీ కార్డులో పాటలెక్కిస్తాడు. "ఘంటసాల పాటలు కూడా వెయ్యి బాబూ, నాన్నగారికి" అని నేనే ఎన్నిసార్లు చెప్పానో. కానుకలో మనసు పెట్టిన భాగం ఆ కార్డే. దసరాకి పెట్టె మీద పసుపూ కుంకుమా పెట్టి అమ్మవారి ముందు ఉంచిన ఫోన్లో మొదట మోగేది ఆ కార్డులోని పాటే.

దుకాణానికి వెళ్లే ఆ అలవాటు 2014లో కదిలిపోయింది. ఫిబ్రవరిలో మోటో జి ఆన్‌లైన్లో తప్ప ఎక్కడా దొరకనంది. జులైలో షావోమీ ఎంఐ 3 వచ్చి 13,999 రూపాయలకే జనాన్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టింది. అక్టోబరు 6న, దసరాకీ దీపావళికీ నడుమ, ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే పెట్టింది. వచ్చిపడ్డ జనానికి సైటు తట్టుకోలేక చతికిలబడితే, మర్నాడు వ్యవస్థాపకులే క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి పండగ తేదీ పంచాంగంలో ఒకటి, ఫోన్ల పండగ తేదీ ఇంకొకటి అయ్యాయి. మరుసటి ఏడాది ఆగస్టులో షావోమీ విశాఖపట్నంలో సభ పెట్టి, తడ దగ్గర శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ బిగించిన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను బయటపెట్టింది. ధర 6,999 రూపాయలు. ఆ కర్మాగారంలో పనివాళ్లు ఎక్కువమంది ఆడపిల్లలే. దుబాయి నుంచి, మస్కట్ నుంచి ఫోన్లు పట్టుకొస్తారని కోనసీమలోనూ కరీంనగర్ పల్లెల్లోనూ ఎదురుచూసిన కాలం పోయి, మన గడ్డ మీద బిగించిన ఫోను మన పండక్కే దొరకడం నాకు మాత్రం చిన్న సంగతి అనిపించలేదు.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. కరువు మళ్లీ మారింది. మాటలు ఉచితం, డేటా ఉచితం, కానీ అందులో మాట్లాడాలంటే 4జీ వోల్టీ ఉన్న ఫోను కావాలి. అంతకు ముందు దీపావళికి కొన్న మంచి మంచి 3జీ ఫోన్లన్నీ రాత్రికి రాత్రి చద్దివైపోయాయి. వోల్టీ అంటే ఏమిటో తెలియని మా పిన్నిగారు కూడా దుకాణంలో "వోల్టీ ఉందా?" అని అడగడం నేర్చుకున్నారు.

భాష సంగతి ఇక్కడే చెప్పాలి. ఎన్నో ఏళ్లు మన ఫోన్లలోకి తెలుగులో ఎవరైనా ఏదైనా పంపితే చతురస్రాల వరుస కనిపించేది. పండగ శుభాకాంక్షలు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే. అదంతా సర్దుకుందనుకున్నాక 2018 ఫిబ్రవరిలో వింత జరిగింది. జ్ఞా అనే అక్షరం ఒకానొక పద్ధతిలో టైపై వస్తే ఐఫోన్లు బిగుసుకుపోయాయి. లక్ష రూపాయల ఫోను మన జ్ఞానానికి తట్టుకోలేకపోయిందని అందరం తెగ నవ్వుకున్నాం. కొద్ది రోజుల్లోనే ఆపిల్ కొత్త అప్‌డేట్‌తో సరిచేసింది. కానీ ఆ వారం రోజులూ ప్రపంచమంతటా పత్రికల్లో తెలుగు లిపి పేరు కనిపించింది.

2020 గురించి పొడుగ్గా రాయబుద్ధి కాదు. ఏప్రిల్ 1 నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది. బడులు మూతపడ్డాయి. ఆ దసరాకి కొన్న ఫోన్లలో చాలావాటిని కానుక అనడం తప్పు, అవి పలకలు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకే ఫోను ఉంటే ఎవరి క్లాసు ముఖ్యమో తేల్చాల్సింది తల్లి. ఆ అక్టోబరులోనే ఐఫోన్ 12 పెట్టెలోంచి ఛార్జరు మాయమైంది. పెట్టె సన్నబడింది, పెట్టేవాడి ఖర్చు సన్నబడలేదు.

అమెరికా నుంచి వచ్చే అన్నయ్యలూ మేనల్లుళ్లూ తెచ్చే ఐఫోను గురించి ఒక మాట. దిగుమతి సుంకం 2018లో 20 శాతానికి పెరిగి, 2024లో 15కి తగ్గింది. అక్కడి ధరకీ ఇక్కడి ధరకీ ఉన్న తేడాలో అదొక ముక్క. అందుకే సూట్‌కేసులో ఫోను రావడం ఆగలేదు. కానీ ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ పెట్టే అరే ఉండదు, అంతా ఈ-సిమ్. పండగ పూట పెట్టె విప్పి, సిమ్ చేత్తో పట్టుకుని ఫోను చుట్టూ నాలుగువైపులా దూర్చే చోటు వెతుకుతున్న మా బాబాయిని చూశాక, తెచ్చేముందు అడగండని అందరికీ చెబుతున్నాను.

ఇప్పటి కరువు కంటికి కనిపించనిది. ఫోన్లన్నీ బాగానే ఉన్నాయి. పదిహేను వేలదీ బాగానే ఫొటోలు తీస్తుంది. తేడా వచ్చేది మూడో ఏట. కొన్నిటికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి, ఆ తర్వాత బ్యాంకు యాప్‌లు ఒక్కొక్కటే మొరాయిస్తాయి. గూగుల్ 2023లో పిక్సెల్ 8తోనూ, సామ్‌సంగ్ 2024 జనవరిలో ఎస్ 24తోనూ ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చాయి. కాబట్టి నేనిప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడగను, ఎన్నేళ్లు బతుకుతుందని అడుగుతాను. ఈ ఏటి చవక ఫోను కంటే నిరుటి మంచి ఫోను నయమని నా గట్టి అభిప్రాయం. పాతది కొంటుంటే *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ సంఖ్యను, కేవైఎమ్ అని రాసి దాని పక్కన పెట్టి 14422కి ఎస్సెమ్మెస్ చేస్తే అది దొంగ ఫోనో కాదో తెలుస్తుంది. వడ్డీ లేని వాయిదాలంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంతో ముందే అడగండి.

ఇంత తెలిసినవాడినీ బోల్తా పడ్డాను. మొన్న దీపావళికి అమ్మకి ఫోను కొన్నాను. వారం రోజులు పోల్చి చూసి, ఏడేళ్ల మాట ఉన్నదాన్నే ఎంచాను. ఇంటికెళ్లి వేలిముద్ర పెట్టించబోతే ఫోను ఒప్పుకోలేదు. యాభై ఏళ్లు చింతపండు పిసికి, అంట్లు తోమి, రోట్లో పచ్చళ్లు నూరిన బొటనవేలు. గీతలు అరిగిపోయాయి. "రేషన్ షాపులోనూ ఇంతేరా, మూడు వేళ్లు మార్చాలి" అంది తాపీగా. ఆ సంగతి ఏ పోలిక పట్టికలోనూ లేదు. వాళ్ల పెళ్లినాటి తేదీని పిన్‌గా పెట్టాను, అక్షరాలు పెద్దవి చేశాను, పాత ఫోన్లోని నాలుగు వేల శుభోదయం బొమ్మల్ని తీసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఫొటోలు, వీడియోకాల్, మాట్లాడితే తెలుగులో టైపు చేసే మైకు, అన్నీ గంటసేపు చూపించాను. అంతా ఓపిగ్గా విని,

"ఇంతకీ లైటు ఏదిరా?" అంది.

పైనుంచి కిందికి వేలితో లాగితే వస్తుందని చూపించాను. రెండుసార్లు రాలేదు. మూడోసారికి వెలిగింది. కోళ్ల గూడు తలుపు వేసిందో లేదో చూసుకోవడానికి పెరట్లోకి వెళ్లింది.