హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: ఒకే రైలు దారిలో విజయనగర చరిత్ర.. ఎక్కడ దిగాలి? ఏం చూడాలి?

బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు రైలెక్కితే శ్రీ సత్యసాయి జిల్లాలో వరుసగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వస్తాయి. మూడు చోట్లా స్టేషన్ ఉంది, చూడదగ్గ చరిత్రా ఉంది. కానీ లేపాక్షిలో ఉండే రద్దీ పెనుకొండలో కనిపించదు. ఒకప్పటి రాజధానిని చాలామంది రైలు కిటికీలోంచే చూసి వెళ్లిపోతున్నారు. ఎందుకలా?

హిందూపురం.. లేపాక్షికి గేటు

మరాఠా నాయకుడు మురారిరావు తన తండ్రి హిందోజీరావు పేరుతో కట్టించిన ఊరు ఇది. బెల్లం, చింతపండు, మిర్చి వ్యాపారానికి పేరు. లేపాక్షికి రైల్వే స్టేషన్ లేదు. హిందూపురంలో దిగి బస్సులోనో, ఆటోలోనో దాదాపు 15 కిలోమీటర్లు వెళ్లాలి.

అక్కడి వీరభద్రస్వామి ఆలయాన్ని 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు. వేలాడే స్తంభం, పైకప్పు మీది వర్ణచిత్రాలు ఇక్కడి ప్రత్యేకత. రోడ్డు పక్కనే ఏకశిలా నంది ఉంటుంది. పొడవు సుమారు 27 అడుగులు. బెంగళూరు నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి మీదుగా దాదాపు 120 కిలోమీటర్లే కాబట్టి కార్లలో వచ్చేవాళ్లూ ఎక్కువే.

పెనుకొండ.. మర్చిపోయిన రాజధాని

విరూపణ్ణ విజయనగర అధికారిగా పనిచేసింది పెనుకొండలోనే. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపి పాడైతే, తిరుమల దేవరాయలు రాజధానిని ఇక్కడికి మార్చారు. ఆ తర్వాత అది చంద్రగిరికి వెళ్లింది.

కొండ కోట, రెండంతస్తుల గగన్ మహల్, పక్కపక్కనే ఉండే రాముడి గుడి, శివుడి గుడి, పార్శ్వనాథ జైన ఆలయం, షేర్ ఖాన్ మసీదు, బాబయ్య దర్గా.. ఇన్ని కట్టడాలు ఒక్క ఊళ్లోనే ఉన్నాయి. రైలుంది, 44వ నంబర్ హైవే పక్కనుంచే పోతుంది. దగ్గర్లోని ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అయినా ఊళ్లోకి తిరిగే పర్యాటకులు తక్కువ. హైవే మీద వెళ్లేవాళ్లకు లేపాక్షి నంది తెలిసినంతగా గగన్ మహల్ తెలియదు.

ధర్మవరం.. రైలు మారే చోటు

పట్టుచీరలకు పేరున్న ఈ ఊరు పెద్ద జంక్షన్. కదిరి మీదుగా పాకాలకు, అక్కడి నుంచి తిరుపతికి లైన్ ఇక్కడే విడిపోతుంది. మీటర్ గేజ్‌గా ఉన్న ఆ లైన్ 2010లో బ్రాడ్ గేజ్ అయింది. పెనుకొండ, ధర్మవరం మధ్య రెండు రైలు దారులున్నాయి. ఒకటి పాత లైన్, ఇంకోటి పుట్టపర్తి మీదుగా వెళ్లేది. మీ రైలు ఏ దారిలో వెళ్తుందో టికెట్ తీసుకునే ముందే చూసుకోండి.

అసలు చిక్కు ఎక్కడంటే..

లేపాక్షి ఆలయం, నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. తుది గుర్తింపు రావాలంటే కట్టడంతో పాటు దాని చుట్టూ ఉన్న పరిసరాలూ చెడకుండా ఉండాలి. జనం పెరిగితే రోడ్లు, పార్కింగ్, హోటళ్లు కావాలి. కానీ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషేధం. ఆ తర్వాత మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. అందుకే వసతులు కాస్త దూరంగా పెట్టి, అక్కడి నుంచి బస్సులు నడపడమే మంచి దారి. పెనుకొండలో సమస్య దీనికి రివర్స్. అక్కడ కట్టడాలున్నాయి, దారి ఉంది, స్టేషన్‌లో దిగినవాళ్లను కోట దాకా తీసుకెళ్లే ఏర్పాటే కావాలి.

ఒక్కరోజులో చూడాలంటే

పొద్దున్నే హిందూపురంలో దిగి లేపాక్షి చూసుకోండి. మధ్యాహ్నానికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని పెనుకొండ చేరి గగన్ మహల్, గుళ్లు చూడొచ్చు. రాత్రికి ధర్మవరంలో తిరుగు రైలు ఎక్కొచ్చు. కొండ కోట ఎక్కాలనుకుంటే మాత్రం ఇంకో రోజు పెట్టుకోండి. ఎండాకాలంలో అయితే తెల్లవారుజామునే బయల్దేరడం మేలు.