ఆఖరి ముద్ద ఏ హోటల్లో?



పోయిన శుక్రవారం మా కాలేజీ స్టాఫ్ రూంలో ఒక ఆట నడిచింది. "రేపటితో మన పని ఖతం అనుకోండి. ఇవాళ రాత్రి ఏ హోటల్లో ఏం తింటారు?" ఇదీ ప్రశ్న. ఒకాయన సికింద్రాబాద్ ప్యారడైజ్ బిర్యానీ అన్నాడు. ఒక మేడం చిన్నప్పుడు విజయవాడలో తిన్న నెయ్యి ఇడ్లీ అన్నది. ఇంకొకాయన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ ఉంటే చాలన్నాడు. నా వంతు వచ్చింది. "మటన్ బిర్యానీ" అన్నాను.

అది అబద్ధం. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, దళిత సాహిత్యం మీద గంటల కొద్దీ పాఠం చెప్పే నేను, చచ్చే ముందు తినే తిండి గురించి కూడా అబద్ధం ఆడాను. ఎందుకు ఆడానా అని ఆలోచించుకుంటూ ఆ సాయంత్రం తిరుమలగిరి బస్సెక్కాను.

ఆ ప్రశ్నలో ఒక నమ్మకం దాగి ఉంది. ఎవరైనా ఏ హోటల్‌కైనా పోవచ్చు, కూర్చోవచ్చు, కావలసింది అడగొచ్చు అనే నమ్మకం. మన ఇళ్లలో ఆ నమ్మకం వయసు ఎంత?

మా తాత తిరుమలగిరి అంగడికి నడిచి వచ్చేవాడు. అప్పుడు ఇది నల్లగొండ జిల్లా. హోటల్ బయట నిలబడితే పైనుంచి చాయ్ పోసేవాళ్లు. మనవాళ్ల గ్లాసు చూరులో చెక్కి ఉండేది. తనే తీసుకోవాలి, తాగాలి, కడగాలి, మళ్లీ చూరులోనే పెట్టాలి. పైసలు చేతికి ఇవ్వకూడదు, అరుగు మీద పెట్టాలి. "లోపట బల్ల మీద కూసున్నోళ్ల చాయ్ ఇంకెంత మంచిగుంటదో అనుకునేటోణ్ణి బిడ్డా. గదీ గిదీ ఒక్కటే గిన్నెలదని తెల్వక" అని చెప్పి నవ్వేవాడు.

తాత గ్లాసు చూరులో ఉన్న రోజుల్లోనే చట్టం పుస్తకంలో ఉంది. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం, అధికరణ 15లో దుకాణాలను, హోటళ్లను పేరు పెట్టి చెప్పింది. కులం పేరుతో ఎవరినీ లోపలికి రానివ్వకుండా ఆపకూడదన్నది. అధికరణ 17 అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన అస్పృశ్యత నేరాల చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. హోటల్లో అందరి కోసం ఉంచిన గిన్నెలు, పాత్రలు వాడుకోనివ్వకపోవడం కూడా నేరమేనని రాసింది. అంటే తాత గ్లాసు గురించి పార్లమెంటు చట్టం చేసింది! శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. ఆ తర్వాత కూడా రెండు గ్లాసుల పద్ధతి మీద కేవీపీఎస్ లాంటి సంఘాలు ఊరూరా కొట్లాడాల్సి వచ్చింది. ఇప్పుడు చాలాచోట్ల పేపర్ గ్లాసు వచ్చింది. పోయింది వివక్షా, గ్లాసా అన్నది మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

ఇది ఒక్క తిరుమలగిరి సంగతి కాదు. బాబాసాహెబ్ తన అనుభవాలు తనే రాసుకున్నాడు. 1901లో పిల్లవాడిగా తండ్రి దగ్గరికి గోరెగావ్ పోతుంటే, దారిలో టిఫిన్ నిండా అన్నం ఉంది, నీళ్లిచ్చేవాళ్లు లేరు. తిండి దగ్గర పెట్టుకుని ఆకలితో పడుకున్నారు. 1934లో మన నిజాం రాజ్యంలోనే ఉన్న దౌలతాబాద్ కోట చూడబోయి, ద్వారం దగ్గరి నీళ్ల తొట్టిలో కాళ్లూ ముఖం కడుక్కుంటే, తొట్టి మైలపడిందని ముస్లింలు గొడవకు వచ్చారు. కులం రోగం హిందువుల దగ్గరే ఆగిపోలేదని ఆయన దాచకుండా రాశాడు.

అమెరికాలో 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్లకే కేటాయించిన కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. దుకాణం మూసేదాకా లేవలేదు. మర్నాడు ఇంకా ఎక్కువమంది వచ్చారు. జూలై 25న ఆ కౌంటర్ నల్లవాళ్లకు తెరుచుకుంది. మొదట కూర్చుని తిన్నది ఎవరో తెలుసా? ఆ దుకాణంలోనే పనిచేసే నల్లజాతి ఉద్యోగులు. రోజూ అక్కడే చాకిరీ చేసేవాళ్లకు అక్కడ ఒక ప్లేటు దొరకడానికి ఆర్నెల్ల పోరాటం కావలసి వచ్చింది.

ఇక నా అబద్ధం దగ్గరికి వస్తాను.

2004లో నేను పదో తరగతి పాసయ్యాను. నాయిన నన్ను సూర్యాపేట తీసుకుపోయి ఒక సాయిబు హోటల్లో కూర్చోబెట్టాడు. నాలుగు టేబుళ్ల చిన్న హోటల్. నాయిన దర్జాగా లోపలికి నడిచాడు, ఫ్యాన్ కింద కూర్చున్నాడు, అందరూ తాగే గ్లాసులోనే నీళ్లు తాగాడు. తాతకు లేని హక్కు అది. కానీ సప్లయర్ వచ్చి ఏం కావాలంటే మాత్రం గొంతు తగ్గించి "రొట్టె, బడేకా" అన్నాడు. ఎందుకు మెల్లగ చెప్పినవ్ అని అడిగాను. "మనూరాయన ఎవలన్న ఉంటరేమో బిడ్డా" అన్నాడు.

వేడి రొట్టె, ఎర్రటి పెద్దకూర, పచ్చి ఉల్లిగడ్డ. నా ఆఖరి ముద్ద అదే.

ఆ రోజు అర్థం కానిది ఇప్పుడు అర్థమైంది. మనిషికి తలుపు తెరుచుకుంది, మనిషి తిండికి తెరుచుకోలేదు. బోర్డు మీద నాన్‌వెజ్ అని ఉంటే చికెన్, మటన్, చేపలు. మనది ఉన్నచోట కూడా కల్యాణి బిర్యానీ అనో, బడేకా అనో తెలిసినవాళ్లకే తెలిసే పేరు. 1977 చట్టం గోవధను నిషేధించింది. కానీ పనికీ పాలకూ అక్కరకు రాని ఎద్దు, బర్రె, దున్నపోతు విషయంలో సర్టిఫికెట్ ఉంటే కోయనిస్తుంది. నాయిన గొంతు తగ్గించింది చట్టానికి భయపడి కాదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టింది ఆ గొంతు పెంచడానికే. దాడులు జరిగాయి, ఒక విద్యార్థి కత్తిపోటుకు గురయ్యాడు. ఒక కూర పేరు గట్టిగా అన్నందుకు ఇంత!

మూడో తలుపు ఇంకోటి ఉంది: వండే చెయ్యి. నేను పది పాసైన ఆ 2004లోనే, ఏప్రిల్ 20న, మధ్యాహ్న భోజనం వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2021లో మా తిరుమలగిరి మండలాన్ని దళితబంధు కోసం ఎంపిక చేశారు. కుటుంబానికి 10 లక్షలు. ఆ డబ్బుతో మనవాళ్లు హోటల్ పెట్టొచ్చు. కానీ హోటల్‌వాడు మనల్ని రానివ్వాలని చట్టం చెప్పగలదు గానీ, మన హోటల్‌కు వచ్చి తినమని ఊరికి చెప్పగలదా? మనవాడు గల్లా మీద కూర్చుని, మనామె వండి, బోర్డు మీద పెద్దకూర అని పెద్దక్షరాలతో రాసి, ఊరంతా వచ్చి ఒకే రకం గ్లాసులో నీళ్లు తాగే హోటల్ నాకింకా తారసపడలేదు.

సోమవారం స్టాఫ్ రూంలో నా జవాబు మార్చుకున్నాను. సూర్యాపేట, సాయిబు హోటల్, పెద్దకూర అన్నాను, గొంతు తగ్గించకుండా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ప్యారడైజ్ అన్నాయన మాత్రం "ఎక్కడుంటది ఆ హోటల్?" అని అడిగాడు. దారి చెప్పాను. పోతాడో పోడో తెలియదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. మొదటిసారి హోటల్ లోపల బల్ల మీద కూర్చున్నది ఎప్పుడు? ఎవరి గ్లాసులో తాగావు? ఏ కూర పేరు గట్టిగా చెప్పలేకపోయావు? ఊరు పేరు, ఏడాది వేసి వాళ్ల మాటల్లోనే రాసి పెట్టుకోండి. మన హోటళ్ల చరిత్ర ఏ లైబ్రరీలోనూ దొరకదు. ఆ ముసలివాళ్లు ఉన్నంతవరకే అది ఉంటుంది.

జై భీమ్.