లినక్స్: కరదీపిక చదువుతూ, ప్రయోగాలు చేస్తూ నేర్చుకునే విధానం

మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో విడుదల చేసిన విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తరువాతి రూపమైన విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, కొత్త తరం ప్రాసెసర్ అవసరం. ఈ అర్హత లేని పాత కంప్యూటర్లు చక్కగా పనిచేస్తున్నప్పటికీ, భద్రతా సవరణలు అందకపోతే వాటిలోని సమాచారానికి ముప్పు పెరుగుతుంది. అటువంటి యంత్రాలను పారవేయకుండా వాడుకునే మార్గాలలో ఉచితంగా లభించే లినక్స్ ఒకటి. అయితే, నేర్పేవారు ఎవరూ దగ్గర లేనప్పుడు అలవాటులేని ఆపరేటింగ్ సిస్టమ్‌ను వశం చేసుకోవడం ఎలాగన్నది అసలు ప్రశ్న.

లినక్స్ నేపథ్యం

ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్‌ను ప్రారంభించారు. కెర్నల్‌కు ఇతర ప్రోగ్రాములను జోడించి డెబియన్, ఉబుంటు వంటి పంపిణీలు వెలువడ్డాయి. భారత ప్రభుత్వ సంస్థ సీ-డాక్ డెబియన్ ఆధారంగా రూపొందించిన ‘బాస్’ తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో లభిస్తుంది. కేరళలో కైట్ సంస్థ ఉబుంటు ఆధారిత వ్యవస్థను పాఠశాలలకు అందిస్తోంది.

కరదీపికను చదవడం

లినక్స్‌కు మాతృక వంటిది యూనిక్స్. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దానికి రచించిన తొలి కరదీపికపై 1971 నవంబరు 3 తేదీ ఉంది. పేరు, వాడుక రూపం, వివరణ అనే క్రమంలో ప్రతి ఆదేశాన్నీ పరిచయం చేసే పద్ధతి నేటికీ కొనసాగుతోంది. టెర్మినల్‌లో ‘మ్యాన్’ అని టైపు చేసి, పక్కన ఆదేశం పేరు రాస్తే ఆ పుట తెరపైకి వస్తుంది.

ఈ పుటలు పాఠాలు కావు, నిఘంటువు వంటివి. మొదటి నుంచి చివరి వరకు చదవవలసిన అవసరం లేదు. వాడుక రూపంలో చదరపు కుండలీకరణాలలో ఉన్నది ఐచ్ఛికమనీ, మూడు చుక్కలుంటే ఆ భాగాన్ని పునరావృతం చేయవచ్చుననీ తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. పుటలకు విభాగ సంఖ్యలు కూడా ఉంటాయి. 1వ విభాగంలో ఆదేశాలు, 5వ విభాగంలో ఫైళ్ల స్వరూపం, 8వ విభాగంలో వ్యవస్థ నిర్వహణ ఉంటాయి. ‘పాస్‌వడ్’ అనే ఒకే పేరుకు 1వ విభాగంలో సంకేతపదం మార్చే ఆదేశం, 5వ విభాగంలో వినియోగదారుల వివరాలుండే ఫైలు కనిపించడం ఇందుకు ఉదాహరణ. ఆదేశం పేరే తెలియనప్పుడు ‘అప్రోపో’ సాయంతో విషయాన్ని బట్టి వెదకవచ్చు.

నష్టం లేని ప్రయోగం

చదివినది చేసి చూస్తేనే నిలుస్తుంది. అందుకు ముందుగా ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి నకలు చేసుకోవాలి. లైవ్ యూఎస్‌బీ ద్వారా లినక్స్‌ను హార్డ్ డిస్కులో స్థాపించకుండానే నడిపి చూడవచ్చు. ప్రింటరు, వైఫై, తెలుగు కీబోర్డు పనిచేస్తున్నదీ లేనిదీ ఆ దశలోనే తేలుతుంది. వర్చువల్ మెషీన్ వాడేవారు ముందుగా ‘స్నాప్‌షాట్’ తీసుకుంటే, పొరపాటు జరిగినా పూర్వస్థితికి రావచ్చు.

విండోస్ అలవాటు ఉన్నవారిని కొన్ని భేదాలు తికమకపెడతాయి. ఇక్కడ సీ, డీ డ్రైవులు ఉండవు. ఫైళ్లన్నీ ఒకే మూలం నుంచి శాఖలుగా విస్తరిస్తాయి. ఇంగ్లిష్ పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరుగా లెక్కకు వస్తాయి. ‘ఆర్ఎం’ ఆదేశంతో తొలగించిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్లదు. కనుక నక్షత్ర గుర్తుతో అనేక ఫైళ్లను తొలగించే ముందు, అదే గుర్తును ‘ఎల్ఎస్’తో వాడి ఏయే పేర్లు వస్తున్నాయో చూసుకోవడం క్షేమం. ‘సుడో’తో మొదలయ్యే ఆదేశానికి నిర్వాహకుని అధికారం లభిస్తుంది కాబట్టి, అర్థం తెలియకుండా దానిని నడపరాదు.

అమరిక ఫైలును మార్చే ముందు దాని నకలు ఉంచుకోవడం, ఒకసారికి ఒక్క మార్పే చేయడం, ఫలితాన్ని నోటుపుస్తకంలో రాసుకోవడం ఉపకరిస్తాయి. రెండు మార్పులు కలిపి చేస్తే దోషం దేనిదో తేలదు. కరదీపిక చెప్పినదానికీ తెరపై జరిగినదానికీ పొంతన కుదరనప్పుడు, ముందుగా రెండింటి వెర్షన్ సంఖ్యలను పోల్చి చూడాలి.