రంగు పలుచన: ఒక చిన్న చరిత్ర

మేడ్చల్‌లో నిలిచి పడమటి ఆకాశం వంక చూస్తే దుండిగల్ వైపున శిక్షణ విమానాలు తిరుగుతూ కనబడతాయి. 1967లో నాటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్ శంకుస్థాపన చేసిన వైమానికదళ అకాడమీ అక్కడనే ఉన్నది. ఆ విమానాలను చూస్తూ పెరిగిన పిల్లలలో మా మేనల్లుడొకడు. నెలరోజులు శ్రమించి, అసలు విమానంలో 72వ వంతు ఉండే స్పిట్‌ఫైర్ ప్లాస్టిక్ నమూనాను అతికించి సిద్ధం చేసుకున్నాడు. దానికి గాలికుంచెతో, అనగా ఎయిర్‌బ్రష్‌తో, రంగు చల్లబోయిన నాడు నేనక్కడనే ఉన్నాను. రంగు చిక్కగా ఉన్నదని ఇంట్లో ఉన్న టర్పెంటైన్ కొంత పోసి కలిపినాడు. మరుక్షణమే, "మామా, రంగు విరిగిపోయింది!" అన్నాడు.

నిజమే. నిమ్మరసం పడిన పాలవలె రంగు ముద్దలు కట్టినది. ఆ ముద్దలు గాలికుంచె ముక్కులో ఇరుక్కొని, ఒక్కసారిగా చిమ్మి, రెక్క మీద మచ్చలై పడినవి. వాడు తెచ్చినది ఆక్రిలిక్ రంగు, పోసినది టర్పెంటైన్. ఆ రెండింటికీ పొత్తు కుదరదు.

రంగులో పొడి ఒకటి, ఆ పొడిని పట్టి నిలిపే బంధకం ఒకటి. పలుచన చేసే ద్రవం ఆ బంధకానికి చుట్టమై ఉండవలెను. ఈ సూత్రం మన ప్రాంతానికి కొత్తది కాదు. శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు సాగి, సిద్దిపేట జిల్లాలో తూర్పుకు మరలితే చేర్యాల వస్తుంది. అక్కడి నకాషీ చిత్రకారులు కులపురాణాలు చెప్పే కథకుల కోసం పొడవైన పటాలు వ్రాసేవారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంకనీరు కలిపి పూత మీద పూతగా పట్టించేవారు. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు పేవుడి, నలుపుకు దీపపు మసి వాడేవారు. వారి బంధకం చెట్టు బంక. అది నీటిలో కరుగుతుంది. కనుక వారి రంగుకు నీరే చుట్టం.

అయితే ఆ నీటికీ హద్దు ఉన్నది. పటాన్ని కథకుడు ఊరూర విప్పవలె, చుట్టవలె. రంగు మందమైతే చుట్టినప్పుడు పగులుతుంది. ఉత్త నీరు ఎక్కువైతే బంక చాలక, రంగు పొడిగా రాలుతుంది. పలుచన అంటే బలహీనపరచడం కాదని ఆ పటాలే చెబుతాయి.

ఇక గాలికుంచె చరిత్ర. 1879లో అమెరికాలోని అయోవా రాష్ట్రవాసి ఆబ్నర్ పీలర్ గాలితో రంగు చల్లే పరికరాన్ని రూపొందించినాడు. 1893లో చార్లెస్ బర్డిక్ దానికి నేటి పరికరాలకు దగ్గరైన రూపమిచ్చినాడు. తొలినాళ్ళలో దానితో ఛాయాచిత్రాలను దిద్దేవారు. వాడినవి నీటిరంగులు కనుక పలుచన చేయడానికి నీరే చాలినది.

చిక్కు తరువాత వచ్చినది. 1923లో డ్యుపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్‌తో చేసిన డ్యూకో లాకరును తెచ్చినది. వారాలు పట్టే కార్ల రంగుపని దానివల్ల రోజులలో ముగిసినది. కాని దానిని నీటితో గాని టర్పెంటైన్‌తో గాని కలుపరాదు. ఘాటైన లాకర్ థిన్నరే కావలెను. 1953లో ఇంగ్లండులోని ఎయిర్‌ఫిక్స్ కంపెనీ స్పిట్‌ఫైర్ నమూనాను అమ్మకానికి పెట్టినది. అటువంటి నమూనాలకు హంబ్రోల్ వంటి కంపెనీల చిన్న డబ్బాల ఎనామెల్ రంగులు తోడైనవి. వాటికి వైట్ స్పిరిట్ చుట్టం. ఆ 1950ల దశకంలోనే ఆక్రిలిక్ రంగులు చిత్రకారుల చేతికి వచ్చినవి. వాటిలో నీటితో కలిసేవి ఉన్నవి, ఆల్కహాలుతో కలిసేవీ ఉన్నవి. నేడు ఇవన్నీ ఒకే దుకాణంలో, ఒకే అరలో, ఒకే తీరు సీసాలలో దొరుకుతున్నవి. మా వాని పొరపాటు అక్కడ పుట్టినదే.

మరి ఎంత పలుచన? గాలికుంచె ముక్కు రంధ్రం సాధారణంగా 0.2 నుండి 0.5 మిల్లీమీటర్లు. రంగు పాలవలె ఉండవలెనని పనివారి మాట. గిన్నె గోడకు కొంత పూస్తే అది జారి, వెనుక సన్నని పొరను విడువవలెను. సగం రంగు, సగం థిన్నరుతో మొదలిడి సరిచూసుకోవచ్చును. చదరపు అంగుళానికి 15 నుండి 20 పౌండ్ల గాలి ఒత్తిడి చాలును. చిక్కగా ఉంటే రంగు చిమ్ముతుంది. మరీ పలుచనైతే సాలెపురుగు కాళ్ళవలె పాయలు తీస్తుంది. మన వేసవిలో మరొక చిక్కు: తుంపర దారిలోనే ఆరి, గరుకుపొడియై వ్రాలుతుంది. అప్పుడు దగ్గరగా చల్లవలె, ఆరుదలను నిదానింపజేసే ద్రవం రెండు చుక్కలు చేర్చవలె. లాకర్ థిన్నరు తడిగా పడితే ప్లాస్టిక్‌ను తినివేస్తుంది. దాని ఆవిరి ఊపిరికీ చేటు. కిటికీలు తెరచి, ఆవిరిని ఆపే ముసుగు ధరించియే పని చేయవలెను.

మేనల్లుడు గాలికుంచెను విప్పి కడిగినాడు. మచ్చలను తుడిచి, సన్నని నీటి ఇసుకకాగితంతో రెక్కను నునుపు చేసినాడు. ఈసారి సీసా మీది అక్షరాలు చదివి, ఆ రంగుకు తగిన థిన్నరునే కలిపినాడు. విమానం మీద చల్లకముందు పాత ప్లాస్టిక్ ముక్క మీద చల్లి చూచినాడు. ఒక్క మందపు పూతకు బదులు మూడు పలుచని పూతలు వేసినాడు. ప్రతి పూత ఆరేవరకు కూర్చుండి వేచినాడు.

వానిని చూస్తూ ఉంటే నాకు చేర్యాల పటాలే తలపునకు వచ్చినవి. అక్కడనూ పూత మీద పూత, ఆరిన పిదపనే మరొకటి. పరికరం మారినది, రంగు మారినది; ఓపిక మాత్రం అదే.